వంటింట్లో లైటు ఆరినప్పుడు

"అమ్మా! ఏం చేశావమ్మా నువ్వు! పసిదాన్ని కాలితో తన్నావా!"

కూతురు పెట్టిన ఆ కేకకు ముందుగదిలో గడియారాలు బాగుచేసుకుంటున్న తండ్రి, కంటికి పెట్టుకున్న భూతద్దం తీయడం కూడా మరచిపోయి పరిగెత్తుకొచ్చాడు. వంటింటి గుమ్మం దగ్గర పదకొండు నెలల బుజ్జిది బోర్లాపడి గుక్కపట్టి ఏడుస్తోంది. కింది పెదవి చిట్లింది. గౌను మీద రెండు రక్తపు చుక్కలు... పొయ్యి పక్కన అమ్మమ్మ గోడకు అతుక్కుపోయి నిలబడింది. ఆమె కాలి రబ్బరు చెప్పు ఒకటి ఊడి ఫ్రిజ్ ముందు పడి ఉంది.

కన్నకూతురి బిడ్డను ఏ అమ్మమ్మ అయినా తంతుందా! ఈ అమ్మమ్మ తన్నింది. అడ్డంగా ఉందని కాలితో పక్కకు జరపడం కాదు, బంతిని తన్నినట్టు తన్నింది! ఆ విసురుకు పిల్ల ఫ్రిజ్ ముందు నుంచి దొర్లుకుంటూ వెళ్ళి గుమ్మం దగ్గర పడింది. కూతురు తన రెండు కళ్ళతోనూ చూసింది. ఇంకెవరైనా వచ్చి చెబితే చెప్పినవాళ్ళనే తిట్టి పంపేది.

"కింద తడిగా ఉంది... జారిపడుతుందేమోనని..." అంది అమ్మమ్మ. అబద్ధం ఆడటం కూడా సరిగ్గా చేతకాదు ఆవిడకి.

"తడి ఉంటే ఎత్తుకుంటారు! తంతారా?" కూతురు బిడ్డను గుండెలకు హత్తుకుని బావురుమంది. "దీని పెదవి చూడు ఎలా అయిందో! నువ్వసలు అమ్మవేనా!"

గడియారాలాయన అటూ ఇటూ చూసి, మెల్లగా నవ్వాడు. "నాకు అర్థమైందిలే. వంటింట్లో లైటు పోయింది కదూ? ఇంకేముంది, మన షాకులమ్మగారికి మళ్ళీ మొదలైంది!"

సరిగ్గా అప్పుడే, నాకేమీ తెలియదన్నట్టు, ఆరిపోయిన లైటు మళ్ళీ వెలిగింది.

షాకులమ్మ అనే పేరు మనం పెట్టింది కాదు. పదకొండేళ్ళ కిందట ఇంట్లోకి వాషింగ్ మెషిన్ వచ్చిన కొత్తలో, ఒక పొద్దున ఆమె కెవ్వున అరిచింది. "ఏమండీ! మెషిన్ షాకు కొడుతోంది!" అని. ఆయన టెస్టర్ వెతికి పట్టుకుని వచ్చేసరికి, అంతకుముందు ఆరిపోయిన వంటింటి లైటు వచ్చేసింది. టెస్టర్ ఆనిస్తే ఏమీ లేదు. ఆయన తన అరచెయ్యి మెషిన్ మీద వేసి, దాన్ని ఎద్దును నిమిరినట్టు నిమిరి మరీ చూపించాడు. ఇలా ఒకసారి కాదు, అయిదుసార్లు జరిగింది. అయిదోసారి ఇంటినిండా చుట్టాలున్నారు. "మా ఆవిడకి మొగుడంటే భయం లేదుగానీ, కరెంటంటే మాత్రం మహా భయం!" అన్నాడాయన. అందరూ పొట్టచెక్కలయ్యేలా నవ్వారు. ఆడబిడ్డ అక్కడికక్కడే పేరు పెట్టేసింది... షాకులమ్మ! ఆ రోజుతో ఆమె నోరు కట్టేసుకుంది.

ఆయన చెడ్డవాడని అనుకోకండి. చెడ్డవాడైతే ఆమె ఎదురు తిరిగేదే! ఆ ఇంటి వైరింగ్ మొత్తం ఆయన తన చేతులతో చేసుకున్నది. ఇరవై ఏళ్ళ కిందట ఇల్లు కట్టుకుంటున్నప్పుడు పనివాళ్ళ పని ఆయన కంటికి ఆనలేదు. "వెంట్రుకంత స్ప్రింగును సరిచేసే చేతులివి. రెండు తీగలు కలపలేవా?" అని నాలుగు నెలల పాటు ప్రతి ఆదివారం నిచ్చెన మీదే గడిపాడు. ఎంత శుభ్రమైన పని! తీగలన్నీ తలదువ్వి జడలేసినట్టు ఉంటాయి. ప్రతి స్విచ్చు కిందా ముత్యాల్లాంటి అక్షరాలతో ఒక చీటీ. చూడవచ్చినవాళ్ళు మెచ్చుకుంటుంటే పక్కన నిలబడి ఆమె కూడా మురిసిపోయేది. అలాంటి మనిషితో "మీ పనిలో ఏదో తప్పుందండీ" అని ఏ నోటితో చెప్పగలదు?

చెప్పలేకపోయింది. కానీ ఊరుకోనూలేకపోయింది. అప్పటినుంచి రోజూ అందరికన్నా ముందు లేచేది. కాళ్ళకు రబ్బరు చెప్పులు తొడుక్కుని, ఎడమచెయ్యి తిరగేసి, ఆ చేతి వెనకవైపుతో ఒక్కొక్కటీ తాకి చూసేది. ఫ్రిజ్, మెషిన్, గీజరు, ఇనుప బీరువా, కిటికీ ఊచలు... కూతురు లేచేలోపు, ఆయన స్నానానికి వెళ్ళేలోపు, ముందుగా తను! కొట్టేదేదో తనకే కొట్టాలి! తాకబోయే ప్రతిసారీ ఆమె గుండె గొంతులోకి వచ్చేది. పదకొండేళ్ళలో ఒక్క పొద్దున కూడా ఆ భయం కాస్తయినా పాతబడలేదు.

అంతకన్నా పెద్ద భయం ఇంకొకటి. మామూలుగా లైటు ఆరిపోతే కరెంటు పోయిందని ఎవరైనా ధైర్యంగా ఉంటారు. ఆ వంటింట్లో అలా కాదు. లైటు ఆరిన ఆ ఒకటి రెండు నిమిషాల్లోనే ఇనుముకు కరెంటు పుడుతుందని ఆమెకు తెలుసు. ఎందుకో తెలియదు, ఎలాగో తెలియదు. ఎవరితోనైనా అంటే నవ్వుతారు. ఆ రోజు పొద్దున బుజ్జిది ఫ్రిజ్ దాకా పాకి, నిలబడదామని చెయ్యి ఎత్తిన క్షణంలోనే లైటు ఆరింది! పసిచెయ్యికీ ఫ్రిజ్‌కీ మధ్య బెత్తెడు దూరం. ఆమెకు పైప్రాణాలు పైనే పోయాయి. వంగి ఎత్తుకునే వ్యవధి లేదు. పిల్ల చెయ్యి అప్పటికే తగిలి ఉంటే, తన చేత్తో పట్టుకుంటే ఇద్దరూ అతుక్కుపోతారు... అంతే, కాలికి ఉన్న రబ్బరు చెప్పే ముందుకు వెళ్ళింది.

ఇదంతా నోట్లోంచి బయటికి వస్తే కదా!

మధ్యాహ్నానికల్లా కూతురు పిల్ల బట్టలు సంచిలో సర్దేస్తోంది. ఆ అమ్మాయి ఆస్పత్రిలో రక్తపరీక్షలు చేసే గదిలో పనిచేస్తుంది. సెలవులు ఈ ఆదివారంతో సరి. సోమవారం నుంచి పొద్దున్నే బుజ్జిదాన్ని అమ్మమ్మ దగ్గర వదిలి, సాయంత్రం తీసుకెళ్ళాలని ఎప్పుడో అనుకున్నారు. అలవాటు పడుతుందని రెండు రోజుల ముందు తీసుకొచ్చింది. అమ్మమ్మ అయితే నెల రోజుల నుంచీ ఆ సోమవారం కోసమే కళ్ళల్లో వత్తులు వేసుకుని చూస్తోంది. గౌన్లు కుట్టింది. పాత దుప్పటి చింపి మెత్తటి పక్క చేసింది. కానీ రోజులు దగ్గరపడేకొద్దీ ఆమెకు నిద్ర కరువైంది. తను ఒక్కతే ఉన్న ఇల్లు వేరు, పాకే పిల్ల తిరిగే ఇల్లు వేరు. పిల్లకి చెయ్యి తిరగేసి ముట్టుకోమని ఎవరు నేర్పుతారు?

"అమ్మా, ఒక్కమాట చెప్పు. నీకు దీన్ని చూసుకోవడం ఇష్టంలేదా?" కూతురు సంచి సర్దడం ఆపి అడిగింది.

"ఇష్టం లేకపోవడమేంటే!"

"మరైతే ఉంచనా? సోమవారం నుంచి వదిలి వెళ్ళనా? నా కళ్ళలోకి చూసి చెప్పు!"

ఆమె చూడలేకపోయింది. ఉంచమంటే పిల్ల ప్రాణం... వద్దంటే కూతురి మనసు... రెండు చేతుల్లోనూ రెండు నిప్పు కణికలు పెట్టి ఏదో ఒకటి మింగమన్నట్టుంది. చివరికి కళ్ళు గట్టిగా మూసుకుని అనేసింది. "వద్దు తల్లీ! తీసుకెళ్ళిపో! ఈ ఇంట్లో మాత్రం ఉంచకు!"

కూతురు నిలువునా నీరైపోయింది. లేచి, కళ్ళు తుడుచుకుని, సంచి జిప్పు లాగింది. "సరేనమ్మా. బడికెళ్ళే రోజుల్లో నన్నూ అంతేగా! ఫ్రిజ్ తలుపు కూడా తీయనిచ్చేదానివి కాదు. ఎక్కడ పాలు తాగేస్తానోనని కాపలా కాసేదానివి. స్నానానికి నీళ్ళు కూడా నువ్వే పట్టాలి, నేను కుళాయి ముట్టకూడదు. నీకు నీ సామానే ముఖ్యం. నాకు అప్పుడే తెలియాల్సింది."

తల్లి ఫ్రిజ్ వైపు చూసింది. నిజమే... ముట్టనివ్వలేదు. ఏళ్ళ తరబడి ముట్టనివ్వలేదు!

గడియారాలాయన ఇదంతా వింటూ ముందుగదిలో ఒంటికాలి మీద లేచాడు. "ఇంకో పరాయి మనిషిని పిలిచి నా వైరింగ్ చూపించాలా ఏంటి, ఈవిడ గారి భ్రమలకి? నా ఇంట్లో ఎవడైనా బోర్డు విప్పితే నేనిక ఈ ఇంట్లో ఉండను!" అని, గడియారపు అద్దమేదో తేవాలంటూ చెప్పులేసుకుని బజారుకు వెళ్ళిపోయాడు. కూతురు పిల్లను భుజాన వేసుకుని, బండి వస్తుందేమోనని వీధి అరుగు మీద కూర్చుంది.

అదిగో, అప్పుడొచ్చింది మీటరమ్మ.

ఆవిడ కొత్త ఇళ్ళ వైరింగ్ పరీక్ష చేసి, సంతకం పెట్టే మనిషి. నలభై అయిదేళ్ళుంటాయి. భుజాన ఎప్పుడూ తోలుసంచి, అందులో మీటరు. అందుకే ఆ పేరు. తండ్రి నాటి పాత చేతిగడియారం బాగుచేయమని గడియారాలాయనకు ఇచ్చింది. ఆయనకొక నియమం ఉంది. బాగైపోయిన గడియారాన్ని ఏడు రోజులు నడిపి చూడకుండా ఎవరికీ ఇవ్వడు. బోర్లా, వెల్లకిలా, నిలువుగా, అడ్డంగా పెట్టి, రోజుకు ఎన్ని సెకన్లు ముందుకు పోతోందో ఎన్ని వెనక్కి పోతోందో పెన్సిలుతో రాసుకుంటాడు. ఎంత పెద్దమనిషి వచ్చి తొందరపెట్టినా, "నా చేతిపని నాకే నమ్మకం కుదరాలి కదండీ" అంటాడు.

"వదినగారూ, అన్నయ్యగారు లేరా? నా గడియారానికి ఏడు రోజులూ పూర్తయ్యాయి!" అంటూ నవ్వుతూ వచ్చిన మనిషి, ఎదురుగా ఉన్న ముఖం చూసి ఆగిపోయింది. "ఏంటి వదినా, అలా ఉన్నారేంటి?"

షాకులమ్మ ఆవిడ రెండు చేతులూ పట్టేసుకుంది. "మీ మీటరు ఒక్కసారి మా ఇంట్లో పెట్టి చూడరూ? ఆయన వచ్చేలోపే... మీకు పుణ్యముంటుంది!"

"ఇంటి యజమాని లేకుండా నేను బోర్డు విప్పకూడదమ్మా."

"నేను కానా?" అనేసింది ఆమె. అనేసి తనే ఉలిక్కిపడింది. ఆ ఇంట్లో అడుగుపెట్టిన ఇరవై ఏళ్ళలో ఆ మాట ఆమె నోటి వెంట ఎప్పుడూ రాలేదు. మీటరమ్మ ఒక్క క్షణం ఆమె వైపు చూసి, తోలుసంచి కింద పెట్టింది.

"సరే. ఎక్కడ కొడుతుంది? ఎప్పుడు కొడుతుంది? మీకు తెలిసిందంతా చెప్పండి."

పదకొండేళ్ళలో ఆ ప్రశ్న అడిగిన మొదటి మనిషి! షాకులమ్మకు ఏడుపు తన్నుకొచ్చింది. వంటింటి అలమర తలుపు తీసి లోపలివైపు చూపించింది. తలుపు నిండా చిన్న చిన్న పెన్సిలు రాతలు. తారీకు, గంట, ఎక్కడ కొట్టిందో. ఆయన గడియారాలకు రాసుకునే లెక్కే, ఆయన పారేసిన పెన్సిలు ముక్కలతోనే. మీటరమ్మ కళ్ళజోడు సవరించుకుని పైనుంచి కింది దాకా చదివింది. చదువుతున్నకొద్దీ ఆవిడ ముఖంలో నవ్వు పోయింది.

"అన్నీ పొద్దున ఆరుకీ ఎనిమిదికీ మధ్యే! చలికాలం ఎక్కువ, ఎండాకాలం దాదాపు లేవు. వదినా, ఈ రోజు గీజరు వేశారా?"

"పాప స్నానానికి... అమ్మాయి వేసింది. అప్పుడే లైటు ఆరింది, ఫ్రిజ్ ముట్టుకోబోయిన పాపను కాలితో తన్నేశాను..."

"చెప్పులు విప్పకండి," అంది మీటరమ్మ. ఆ గొంతులోని మార్పుకు షాకులమ్మ తన కాళ్ళ వైపు చూసుకుంది. ఇన్నాళ్ళూ తన భయం భ్రమే అయితే బాగుండునని లోపల ఎక్కడో ఆశ పెట్టుకుంది పాపం!

మీటరమ్మ మెయిన్ ఆపి, బోర్డు మూత విప్పి, తీగలు చూస్తుండగానే గుమ్మంలో గర్జన వినబడింది. "ఎవరు? నా బోర్డు విప్పింది ఎవరు?"

గడియారాలాయన వచ్చేశాడు! వెనకాలే కూతురు, చంకలో బుజ్జిది. షాకులమ్మ అలమర పక్కనుంచి ముందుకొచ్చింది. "నేనేనండీ... నేనే అడిగాను..." అని గొణిగింది.

"అడిగావా! ముప్పై ఏళ్ళ కాపురంలో నా మీద నీకున్న నమ్మకం ఇంతేనన్నమాట!" ఆయన ముఖం కందగడ్డ అయిపోయింది. చరచరా లోపలికెళ్ళి, తీగలు తగిలించిన ఒక పాత బల్బు తెచ్చాడు. "మీటరమ్మగారూ, మెయిన్ వేయండి! ఎర్త్ లేకపోతే ఈ బల్బు వెలగకూడదు కదా? చూడండి!" ఒక తీగ కరెంటు వచ్చే ఫేజులో, ఇంకొకటి ఎర్త్ రంధ్రంలో పెట్టాడు. బల్బు ధగధగా వెలిగింది! పక్క ప్లగ్గులో పెట్టాడు, వెలిగింది. హాల్లో, పడకగదిలో, అన్నింటిలోనూ వెలిగింది!

కూతురు తల్లి వైపు జాలిగా చూసింది. "అమ్మా... ఇక చాలమ్మా. నిన్నొకసారి డాక్టరుగారికి చూపిస్తాను. నాతో రా."

ఆ క్షణంలో ఆమె పడ్డ భయం ముందు షాకులన్నీ ఎంత! నాకే పిచ్చా? ఉత్త పిచ్చితో పసిదాన్ని తన్ని రక్తం కారేలా చేశానా? అలమర తలుపు పట్టుకుని నిలబడింది.

"బల్బు బాగానే వెలిగింది అన్నయ్యగారూ," అంది మీటరమ్మ నెమ్మదిగా. "మరీ అంత బాగా వెలగడమే నాకు నచ్చలేదు. ఎర్త్ తీగను భూమిలోకి దించే గుంత ఎక్కడ తీశారు?"

ఆయన కాస్త తడబడ్డాడు. "పెరట్లో తీద్దామనుకున్నాను. మూడడుగులకే బండ తగిలింది."

"మరి ఎర్త్ తీగ ఎక్కడికి పోతోంది?"

"కరెంటు వెనక్కి వెళ్ళే న్యూట్రల్ తీగ ఉందిగా! అదీ చివరికి భూమిలోకేగా వెళ్ళేది? రెండూ కలిసేది ఒక్కచోటే అయినప్పుడు, ఇక్కడే కలిపేస్తే తప్పేముంది?"

మీటరమ్మ మెయిన్ ఆపి, ఫ్రిజ్ వెనక ప్లగ్గు విప్పింది. లోపల ఎర్త్‌కీ న్యూట్రల్‌కీ మధ్య అంగుళం పొడవు తీగముక్క, ఎంతో నాజూకుగా మెలిపెట్టి ఉంది. నగ పని చేసినట్టు! ఆవిడ దాన్ని ముట్టుకోకుండా, స్టూలెక్కి వంటింటి గుమ్మం పైనున్న డబ్బా మూత తీసింది. అక్కడ న్యూట్రల్ తీగల ముడి ఉంది. దానికి చుట్టిన టేపు కాలి నల్లగా ముద్దకట్టింది.

"అందరూ బయటికి నడవండి. పాపను తీసుకుని నువ్వు అరుగు మీదకి వెళ్ళమ్మా. అన్నయ్యగారూ, మీరు మాత్రం గుమ్మంలో నిలబడి చూడండి. ఏదీ ముట్టుకోవద్దు." ఆవిడ ఆ ముడిని విడదీసింది. మీటరుకున్న ఒక తీగను కిటికీలోంచి పెరట్లోకి వదిలి బోరు ఇనుప గొట్టానికి తగిలించింది. ఇంకొక తీగ కొనను ఫ్రిజ్ తలుపుకు పట్టించింది. చేతులకు రబ్బరు తొడుగులు వేసుకుని మెయిన్ వేసింది. వంటింటి లైటు స్విచ్చు వేసే ఉంది. అయినా లైటు వెలగలేదు.

"ఇప్పుడు వంటింట్లో కరెంటు ఉందా, లేదా?" అని అడిగింది.

"లేదు. లైటు ఆరిపోయిందిగా," అన్నాడాయన.

మీటరు ముల్లు ఒక్క ఊపున కుడివైపు చివరికంటా వెళ్ళి నిలబడింది. రెండువందల ఇరవై ఆరు!

రోజూ గుర్రుమనే ఆ ఫ్రిజ్, పాలు పెట్టుకునే ఆ తెల్లటి ఫ్రిజ్, నోరు తెరుచుకున్న మృగంలా కనిపించింది ఆయనకి.

"గీజరు వేసినప్పుడు ఈ ముడి వేడెక్కి వదులవుతుంది," అంది మీటరమ్మ మెయిన్ ఆపి. "వదులైతే లైటు ఆరిపోతుంది. కానీ కరెంటు పోదు. వెనక్కి వెళ్ళే దారి తెగిపోయేసరికి, మీరు పెట్టిన ఆ చిన్న తీగముక్క మీదుగా ఫ్రిజ్ ఒంట్లోకి, మెషిన్ ఒంట్లోకి ఎక్కి కూర్చుంటుంది. ఎవరు ముట్టుకుంటారా అని! ముడి చల్లారితే మళ్ళీ అతుక్కుంటుంది, లైటొస్తుంది. అప్పుడు మీరు టెస్టర్ తెచ్చి చూస్తే ఏముంటుంది? మీ బల్బు వెలిగిందంటే అది ఎర్త్‌తో కాదు, న్యూట్రల్‌తో."

ఆవిడ కూతురి వైపు తిరిగింది. అరుగు మీదకి పొమ్మన్నా ఆ అమ్మాయి పోలేదు, హాల్లోనే బిడ్డను వాటేసుకుని బిగుసుకుపోయి ఉంది. "పాపను కాలితో తన్నానని మీ అమ్మ ఇందాక అంటే ఎందుకో అనుకున్నాను. ఇప్పుడు అర్థమైంది. మీ అమ్మ చేత్తో లాగి ఉంటే ఈపాటికి ఇద్దరూ ఉండేవాళ్ళు కాదమ్మా. ఆ రబ్బరు చెప్పే కాపాడింది."

"అమ్మా..." అంది కూతురు. "ఫ్రిజ్ తలుపు... నన్ను ముట్టనివ్వకుండా... కుళాయి..." అంటూ తల్లి మీద వాలిపోయింది. మధ్యలో బుజ్జిది నలిగి కయ్యిమంది.

గడియారాలాయన అలమర తలుపు ముందు నిలబడ్డాడు. భూతద్దం లేకుండానే చదువుతున్నాడు. తన లెక్కే. తన పెన్సిలే. తారీకులు, గంటలు, 'మెషిన్', 'ఫ్రిజ్', 'గీజరు'... ఒకచోట మాత్రం రాత వంకరటింకరగా ఉంది. 'విడిపించుకోలేకపోయాను' అని ఉంది.

"ఇదేంటి?" అన్నాడు.

"ఆ రోజు అరచేత్తో పట్టుకున్నానండీ... వేళ్ళు బిగుసుకుపోయాయి. ఇక అయిపోయాననుకున్నాను. అంతలో లైటొచ్చింది. అప్పటినుంచే చెయ్యి తిరగేసి ముట్టుకోవడం... అలాగైతే అది కొట్టినా చెయ్యి వెనక్కి పోతుంది కదా!"

"రోజూనా? పదకొండేళ్ళు రోజూ నువ్వు..." ఆయన అక్కడే గచ్చు మీద కూలబడిపోయాడు. "నాకెందుకు చెప్పలేదు?"

ఆమె ఆయన వైపు చూసింది. కోపం లేదు, ఎత్తిపొడుపూ లేదు. ఉన్నమాట చెప్పింది. "చెప్పానండీ. అయిదుసార్లు చెప్పాను."

ఆ మాట ఆయనకు తగలాల్సిన చోట తగిలింది. చిన్నపిల్లాడిలా రెండు చేతుల్లో ముఖం దాచుకుని వెక్కివెక్కి ఏడ్చాడు. మీటరమ్మ ముందుగదిలోంచి తన గడియారం తెచ్చి చెవి దగ్గర పెట్టుకుని, ముఖం అటు తిప్పుకుంది. అటు నుంచే అంది, "దీన్ని ఏడు రోజులు పరీక్షించకుండా ఇవ్వనన్నారు కదా అన్నయ్యగారూ. ఇల్లు మాత్రం ఇరవై ఏళ్ళ కిందటే ఇచ్చేశారు."

ఆయన తల ఎత్తాడు. "ఏం చేయాలో చెప్పండమ్మా. మీరు నిలబడి చెబితే నా చేతులతోనే చేస్తాను. ఈసారి ప్రతి ముడీ మీరు చూసి, మీటరు పెట్టాకే మూత వేస్తాను."

ఆ సాయంత్రమూ ఆదివారమంతా ఇంట్లో ఎవరూ కూర్చోలేదు. పందొమ్మిది ప్లగ్గుల్లోంచి పందొమ్మిది తీగముక్కలు బయటికొచ్చాయి. వాటిని గడియారపు ముళ్ళు దాచుకునే చిన్న డబ్బాలో వేసి, రోజూ కంటికి కనబడేలా బల్ల మీద పెట్టుకున్నాడు. బండ లేని చోటు వెతికి, కాంపౌండు గోడ పక్కన ఎర్త్ గుంత తానే తవ్వాడు. చేతులు బొబ్బలెక్కాయి. కొత్త ముడులన్నీ బిగించే మరలతో వేశారు. లీకేజీని పట్టుకుని టక్కున ఆపేసే స్విచ్చొకటి బోర్డులో చేరింది. మీటరమ్మ అన్నీ కొలిచి, కాగితం మీద రాసి, సంతకం పెట్టబోతే ఆయనే ఆపాడు. "వద్దమ్మా. ఏడు రోజులు నడవనివ్వండి."

కూతురు ఇంకో వారం సెలవు అడిగి తీసుకుంది. ఆ వారమంతా పొద్దున్నే గీజరు వేసేది ఆయనే. కొత్త స్విచ్చు మీది పరీక్ష బొత్తాం నొక్కి టక్‌మనిపించేది ఆయనే. అలమర తలుపు మీద, ఆమె రాతల కింద, 'ఏమీ లేదు' అని రాసేది కూడా ఆయనే. విచిత్రమేంటంటే, ఆయన కాళ్ళకు ఇప్పుడు రబ్బరు చెప్పులు! వంటింట్లో అడుగుపెడుతూనే ముందు లైటు వైపు చూస్తాడు. పదకొండేళ్ళ ఆమె భయం ఒక్క వారంలో ఆయనకు పట్టుకుంది. షాకులమ్మ అనే మాట మళ్ళీ ఆ ఇంట్లో ఎవరి నోటా రాలేదు. ఆడబిడ్డ ఫోను చేసి అలవాటుగా అనబోతే, "దానికి పేరుంది. వదినా అని పిలువు" అని కసిరాడు.

ఏడు రోజులూ గడిచాయి. మీటరమ్మ వచ్చి మళ్ళీ కొలిచి, సంతకం పెట్టి వెళ్ళింది. సోమవారం పొద్దున కూతురు బుజ్జిదాన్ని తెచ్చి, అమ్మమ్మ ఒళ్ళో పెట్టి, తల్లి పాదాల మీద ఒకసారి చెయ్యి వేసి, మాట్లాడకుండా డ్యూటీకి వెళ్ళిపోయింది.

దించీ దించకముందే బుజ్జిది పాకుతూ సరాసరి వంటింట్లోకే వెళ్ళింది. ఆ పిల్లకి ఇల్లంతా వదిలి ఆ ఫ్రిజ్ మీదే మోజు! అమ్మమ్మ వెనకాలే పరిగెత్తింది. గుమ్మంలో ఆయన నిలబడ్డాడు. పిల్ల నిలబడదామని చెయ్యి ఎత్తింది. అమ్మమ్మ కాలు దానంతటదే లేవబోయింది... బలవంతంగా కాలు నేలకు ఆనించి, రెండు చెప్పులూ విడిచి పక్కన పెట్టింది. ఆ గచ్చు మీద ఆమె ఉత్త కాళ్ళతో నిలబడి ఎన్నాళ్ళయిందో!

బుజ్జిది చిన్న అరచెయ్యిని ఫ్రిజ్ తలుపు మీద టపటపా కొట్టింది. ఏమీ కాలేదు. అమ్మమ్మ వైపు తిరిగి, మానుతున్న పెదవితో బోసినవ్వు నవ్వింది.

ఆమె పిల్ల పక్కన చతికిలబడి చెయ్యి చాపింది. అలవాటుగా చెయ్యి వెనక్కి తిరిగిపోయింది. ఇంకో చేత్తో పట్టుకుని, దాన్ని తనే మెల్లగా తిప్పి, అరచెయ్యిని పసిచేతి పక్కన ఆనించింది. చేతిగుడ్డ వేసి పట్టుకుని తెరవడమే తప్ప, ఆ తలుపును ఆమె అరచెయ్యి తాకి ఎన్ని ఏళ్ళు!

"ఎలా ఉంది?" గుమ్మంలోంచి అడిగాడాయన.

"చల్లగా ఉందండీ..." అంది అమ్మమ్మ. చెయ్యి తీయకుండానే, కళ్ళనీళ్ళు తుడుచుకోకుండానే అంది. "ఇంత చల్లగా ఉంటుందని మరిచేపోయాను."